అతను మార్చిన ముగింపులు

మా బిల్డింగులో కింది అంతస్తులో ఒకాయన ఉండేవాడు. అతనితో నేను మాటలు మానేశాను. ఎందుకని ఎవరైనా అడిగితే సినిమాల వల్ల అని చెబుతాను. నవ్వుతారు. సినిమాల కోసం కూడా పగ పెట్టుకుంటారా అంటారు. పెట్టుకుంటారు. నేను పెట్టుకున్నాను, ఇంకా వదల్లేదు.

మేము ఉండేది ఒమన్‌లో, సమాయిల్‌లో. నా భర్త అక్కడి ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. నా ఉద్యోగం మస్కట్‌లో, ఖురంలో ఒక కంపెనీ అకౌంట్స్ విభాగంలో. కింది అంతస్తాయన అదే కంపెనీలో పర్చేజ్ మేనేజర్. అతని భార్య మా ఆయన పనిచేసే ఆసుపత్రిలోనే నర్సు. భార్య డ్యూటీ కోసం అతను, భర్త డ్యూటీ కోసం నేను సమాయిల్‌లో ఇల్లు పెట్టుకుని రోజూ మస్కట్‌కి పోయి వచ్చేవాళ్లం. నాకు డ్రైవింగ్ రాదు. అతనికి కారుంది. ఇద్దరికీ ఒకే ఆఫీసు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో అతనే పైకి వచ్చి, "మా కారులో రండి మేడం, ఒక్కడినే పోతున్నా కదా, పెట్రోలు డబ్బుల మాట మాత్రం ఎత్తకండి" అన్నాడు. ఎత్తలేదు. డబ్బులకి బదులు అతను నా చెవులు తీసుకున్నాడు.

అతనిది గుంటూరు వైపు. నాకంటే పదేళ్లు పెద్ద. కారు సమాయిల్ దాటి హైవే ఎక్కగానే గొంతు సవరించుకునేవాడు. "ఇవాళ ఒక గొప్ప సినిమా చెబుతా వినండి." ఇక ఖురంలో కారు ఆగేదాకా చెప్పేవాడు. పేర్లు పడేటప్పుడు వచ్చే సంగీతం నోటితో వాయించేవాడు. హీరో తల్లి ఏడిస్తే ఏడుపు గొంతు పెట్టేవాడు. విలన్ తలుపు తన్నే సీను వస్తే చెయ్యి స్టీరింగు వదిలి గాల్లోకి లేచేది. అటూ ఇటూ ఎర్రటి రాతికొండలు, ముందు సిమెంటు లారీలు, పక్కన చేతులు వదిలేసే డ్రైవరు. సీటు బెల్టు పట్టుకుని ఊ కొట్టేదాన్ని.

అతని లెక్కలో భారతదేశంలో ఇప్పటిదాకా వచ్చిన గొప్ప సినిమాలు పదే. "పదకొండోది లేదండీ. నేను జీవితమంతా చూసి చెబుతున్నా," అనేవాడు. బెంగాలీది ఒకటి, మరాఠీది ఒకటి, మలయాళం రెండు, హిందీ, తమిళం, తెలుగు, అన్నీ ఉన్నాయి. మామూలు మనిషి కాదులే, మంచివే చూశాడు అనుకున్నాను. నాకూ సినిమాలంటే ప్రాణం. మా నాన్న సిద్దిపేటలో ఒక సినిమా హాలు ఎదురుగా సైకిళ్ల దుకాణం నడిపేవాడు. ఆటకి ఆటకి మధ్య బయటికొచ్చే జనం మొహాలు చూసి సినిమా ఆడుతుందా లేదా చెప్పడం నాకు చిన్నప్పుడే వచ్చు. అందుకే మొదట్లో అతని కథలు ఇష్టంగానే విన్నాను. ఇప్పుడు తల్చుకుంటే ఆ ఇష్టం మీద కూడా కోపం వస్తుంది.

అతని పదింటిలో మొదటిది మలయాళం సినిమా. కేరళలో పడవలు చేసే ముసలాయన, అతనితో గొడవపడి ఊరు వదిలి వెళ్లిపోయిన కొడుకు. ముసలాయన చివరి పడవ మొదలుపెడతాడు. చూపు ఆనదు. చెక్కను వేళ్లతో తడిమి చేస్తుంటాడు. చావు దగ్గరపడ్డప్పుడు కొడుకు తిరిగి వస్తాడు. తండ్రి పాదాల దగ్గర కూర్చుని, ఉలి అందుకుని, మిగిలిన పని పూర్తి చేస్తాడు. తండ్రి ఆ ఉలి చప్పుడు వింటూ కన్నుమూస్తాడు. ఇది అతను చెప్పిన కథ. దారిలో బిద్‌బిద్ అనే ఊరి దగ్గర ట్రాఫిక్‌లో ఆగి ఉన్నాం. మా నాన్న పోయి అప్పటికి కొన్ని నెలలే. నేను బోరున ఏడ్చాను. అతను టిష్యూ డబ్బా నా వైపు జరిపి, "చూశారా, అదీ సినిమా అంటే" అన్నాడు. ఆ రోజంతా ఆఫీసులో నా కళ్లు ఎర్రగానే ఉన్నాయి.

చాలా రోజుల తర్వాత ఒక పొద్దున, ఏ కళనున్నాడో, "మీకు నచ్చిన సినిమా ఒకటి చెప్పండి మేడం, విందాం" అన్నాడు. అంతకాలంలో నన్ను అడగడం అదే మొదలు. నేను సంతోషంగా చెప్పాను. నేను బడికి పోయే రోజుల్లో మా అమ్మతో చూసిన తెలుగు సినిమా. పెద్ద హీరోలు లేరు, వారం కూడా ఆడలేదు. మొగుడు వదిలేసి పోతే ఒకావిడ బస్టాండు పక్కన ఇడ్లీ బండి పెట్టుకుంటుంది. కష్టపడి హోటలు చేస్తుంది. చివర్లో మొగుడు వస్తాడు. గడ్డం పెరిగి, చినిగిన చొక్కాతో బల్ల ముందు కూర్చుంటాడు. ఆమె గుర్తుపడుతుంది. ఇడ్లీ పెడుతుంది, చట్నీ వేస్తుంది, మంచినీళ్లు పెడుతుంది. అతను తిన్నాక చెయ్యి చాపుతుంది. అతను జేబులోంచి తీసి ఇస్తాడు. ఆమె డబ్బులు గల్లాలో వేసి, వెనకున్న మనిషితో "మీకేం కావాలి?" అంటుంది. అయిపోయింది. అప్పుడు హాల్లో ఆడవాళ్ల బెంచీల్లో మా అమ్మ నా తొడ మీద చరిచి, "గట్లుండాలె" అంది. ఆ దెబ్బ మంట నాకిప్పటికీ గుర్తు.

అతను అంతా విని పెదవి విరిచాడు. "మీకు సరిగ్గా గుర్తులేదు మేడం. ఆ సినిమా నేనూ చూశా. చివర్లో డబ్బులు తీసుకోదు. మొగుణ్ణి గుర్తుపట్టి, ప్లేటు కింద పడేసి, కాళ్ల మీద పడుతుంది. ఇద్దరూ కలిసి షట్టరు దించుతారు. లేకపోతే ఆ కథకి అర్థం ఏముందండీ?"

"కాదండీ. నాకు బాగా గుర్తుంది."

"మీరు చిన్నపిల్ల అప్పుడు. అయినా మీ వైపు వాళ్లకి సెంటిమెంటు తక్కువలెండి" అని నవ్వాడు.

మా వైపు వాళ్లు. సెంటిమెంటు తక్కువ. ఆ మాట ఆ రోజంతా పళ్ల మధ్య ఇరుక్కున్న పీచులా ఉండిపోయింది. అంతకంటే ఘోరం, నాకు అనుమానం మొదలైంది. అంత గట్టిగా చెబుతున్నాడంటే నిజమేనేమో, నేనే కల్పించుకున్నానేమో అనిపించింది. ఇంటికి వచ్చి అమ్మకి ఫోన్ చేశాను.

"ఇడ్లీ పెట్టింది యాదికున్నది బిడ్డా" అంది అమ్మ. "పైసలు తీసుకున్నదో లేదో యాదికి లేదు. ఎన్నేండ్లాయె! ఇప్పుడెందుకు?"

ఆ శుక్రవారం పొద్దంతా వెతికాను. చివరికి ఎవరో పాత క్యాసెట్టు నుంచి ఎక్కించిన కాపీ ఒకటి ఇంటర్నెట్‌లో దొరికింది. బొమ్మ మసక, మాట ముక్కులోంచి వచ్చినట్టుంది. అయినా మొదటి నుంచీ చూశాను. చివరి సీను వచ్చేసరికి తెర దగ్గరికి జరిగాను. ఆమె చెయ్యి చాపింది. అతను డబ్బులిచ్చాడు. "మీకేం కావాలి?" అంది. అక్షరం తేడా లేదు.

ఇక్కడ మాకు శుక్ర, శనివారాలు సెలవు. ఆదివారం కారెక్కగానే చెప్పాను. అతను అద్దంలో జుట్టు సరిచేసుకుంటూ, "టీవీ వాళ్లు కత్తిరించిన ప్రింటు అయ్యుంటుంది మేడం, అసలు ప్రింటులో కాళ్ల మీద పడుతుంది" అన్నాడు. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. అబద్ధం చెప్పేటప్పుడు మనుషులు కొంచెమైనా తడబడతారని నేను అప్పటిదాకా అనుకునేదాన్ని.

ఆ తర్వాత వరసగా మిగతావి చూడటం మొదలుపెట్టాను. మొదట పడవ సినిమా. ముసలాయన చూపు ఆనక తడుముకుంటూ పడవ చేస్తాడు, అంతవరకూ నిజమే. కానీ కొడుకు రాడు. సినిమా అయిపోయేదాకా రాడు. ముసలాయన పడవ ఒక్కడే పూర్తి చేస్తాడు. ఎవరో కొనుక్కుని నీళ్లలోకి తోసుకుపోతారు. ఆయన ఒడ్డున నిలబడి, చేతికంటిన తారు గడ్డితో తుడుచుకుంటాడు. అంతే. ఇది అతను చెప్పినదానికంటే వందరెట్లు గొప్పగా ఉంది. కానీ నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. నా ఏడుపంతా బిద్‌బిద్ ట్రాఫిక్‌లో అయిపోయింది. మా నాన్న కోసం దాచుకున్న కన్నీళ్లని ఈ మనిషి తన సొంత కల్పన మీద ఒంపించుకున్నాడు. అది నేను క్షమించలేదు.

మిగతావీ అంతే. ఇల్లు వదిలిన మరాఠీ కోడలు అతని కథలో తిరిగొస్తుంది, సినిమాలో రాదు. బెంగాలీ అన్నదమ్ములు అతని కథలో కౌగిలించుకుంటారు, సినిమాలో గోడ కట్టుకుంటారు. ఎవరు ఎక్కడికి పోయినా చివరికి వెనక్కి తెచ్చి ఎవరో ఒకరి కాళ్ల మీద పడేశాడు. రెండేళ్లుగా నాకు తెలుసనుకున్న సినిమాలేవీ నాకు తెలియవు.

ఒకరోజు సాయంత్రం తిరుగు ప్రయాణంలో అడిగేశాను. "మీరు ముగింపులన్నీ మార్చి చెప్పారు. ఎందుకండీ?"

అతను కంగారుపడలేదు. "మారిస్తే ఏమైంది మేడం? సినిమా దేనికి చూస్తాం? ఏడ్చినా చివరికి మనసు కుదుటపడాలి. వాళ్లు సగంలో వదిలేశారు, నేను పూర్తిచేశా. మీరు ఏడ్చారు కదా! బాగుందనే కదా ఏడ్చారు?"

"మా నాన్న పోయారని ఏడ్చాను."

"అదేనండీ నేను అనేది. మనసు తేలికైంది కదా?"

కారు ఆపమని అందామనుకున్నాను. కానీ హైవే మీద, ఆ కొండల మధ్య, దిగి ఎక్కడికి పోతాను? ఇల్లు వచ్చేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ఆ వారమే డ్రైవింగ్ నేర్చుకోవడానికి పేరు రాయించుకున్నాను.

నాకు నేర్పింది ఒక ఒమానీ ఆవిడ. హిందీ బాగా మాట్లాడేది. ఇక్కడ లైసెన్సుకి మొదటి గండం డ్రమ్ములు. నిలబెట్టిన డ్రమ్ముల మధ్య నుంచి కారుని వెనక్కి నడపాలి, ఒక్కటి తగిలినా ఫెయిలే. "డ్రమ్ మత్ దేఖో, షీషా దేఖో" అని ఆవిడ అరిచేది. నేను అద్దం చూడబోయి డ్రమ్మునే చూసేదాన్ని. రెండుసార్లు ఫెయిలయ్యాను. ఫెయిలైన ప్రతిసారీ మర్నాడు మళ్లీ అతని కారే ఎక్కాలి.

ఆ నెలల్లో మేం మాట్లాడుకోలేదు. కానీ అతను మాత్రం ఊరుకోలేదు. హైవే ఎక్కగానే ముందు అద్దం వైపు చూస్తూ, తనలో తనే చెప్పుకుంటున్నట్టు, కథ మొదలుపెట్టేవాడు. అదీ నా ఇడ్లీల సినిమానే. రోజుకి కొంచెం. మొగుడు ఎంత మంచివాడో చెప్పడానికి కొత్త సీన్లు చేర్చాడు. అతనికి ఏదో జబ్బు తగిలించాడు. ఆమెకి పొగరు తగిలించాడు. నేను చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే గొంతు పెంచేవాడు.

మా ఆయనకి చెబితే, "సినిమా ముచ్చటకి ఇంత లొల్లి ఎందుకే? లైసెన్సు వచ్చేదాక ఊకో" అన్నాడు. ఊకున్నాను. చలికాలం దాకా ఊకున్నాను.

ఆ చలికాలంలో ఒక శుక్రవారం తెలుగు కుటుంబాలన్నీ సమాయిల్‌లో ఒక ఖర్జూర తోటలో భోజనాలు పెట్టుకున్నాం. చెట్ల మధ్య నుంచి ఫలజ్ కాలువ పారుతుంటుంది, దాని పక్కన చాపలు పరిచాం. పులిహోర, కోడికూర, పెరుగన్నం. కాకినాడ నుంచి కొత్తగా వచ్చిన జంట ఒకటి ఉంది. ఆ అమ్మాయి మాటల్లో, "పెద్ద టీవీ కొన్నామండీ, మంచి సినిమాలు ఏవి చూడాలో ఎవరైనా చెప్పండి" అంది.

అడగాల్సినవాణ్ణే అడిగినట్టయింది. అతను పేపర్ ప్లేటు పక్కన పెట్టి, మఠం వేసుకుని కూర్చున్నాడు. పది సినిమాలు మొదలయ్యాయి. పడవ అయింది, కోడలు అయింది. చివరికి పదోది అంటూ, "ఇది ఎవరికీ తెలియదండీ, నేను ఎక్కడో వెతికి పట్టుకున్న ముత్యం" అన్నాడు. బస్టాండు పక్కన ఇడ్లీ బండి.

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. నా సినిమాని కూడా తన పదింటిలో కలిపేసుకున్నాడు. మొగుడు వచ్చాడు, బల్ల ముందు కూర్చున్నాడు, ఆమె ప్లేటు వదిలేసింది. "ఇక అప్పుడు చూడాలండీ, ఆవిడ కాళ్ల మీద పడి..."

"అబద్ధం" అన్నాను.

అందరూ తిరిగి చూశారు. చెయ్యి కడుక్కుని ఫోన్ తీశాను. "ఆమె కాళ్ల మీద పడదు. డబ్బులు అడిగి తీసుకుంటుంది. పడవ సినిమాలో కొడుకు రాడు. ఆ కోడలు రాదు. ఈయన చెప్పినవన్నీ ఈయన కట్టిన ముగింపులు."

"మేడం గారికి ట్రాజెడీలంటే ఇష్టంలెండి" అని అతను నవ్వాడు. ఒకరిద్దరు కలిసి నవ్వారు.

నేను చివరి సీను తెరిచి ఫోన్ ఆ కాకినాడ అమ్మాయి చేతిలో పెట్టాను. కాలువ నీళ్ల చప్పుడులో మాటలు సరిగ్గా వినబడటం లేదు. ఆమె చెవి దగ్గర పెట్టుకుని, మళ్లీ కళ్ల ముందు పెట్టుకుని చూసింది. చూసి అమాయకంగా, "అవునండీ, డబ్బులు తీసేసుకుంది!" అంది.

అతను పేపర్ ప్లేటు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. మొహం మాత్రం నల్లబడింది. ఇక అయిపోయింది అనుకుంటుండగా అతని భార్య లేచింది. మెత్తగా మాట్లాడే మనిషి, ఎప్పుడూ గొంతు పెంచగా వినలేదు.

"ఆయన మార్చి చెబుతారని నాకు తెలియదనుకున్నారా?" అంది నాతో. "ఆ సినిమాలన్నీ ఆయన పక్కన కూర్చుని చూసింది నేనేనండీ. ఇంటికొచ్చి నాకే మార్చి చెబుతారు. నేను ఏనాడూ ఒక్క మాట అనలేదు. డ్యూటీలో రోజంతా అయినవాళ్లెవరూ రాని రోగుల్నే చూసి వస్తా. ఇంట్లో కూడా అదే వినాలా? మీరెవరండీ నలుగురిలో ఆయన్ని నిలబెట్టి అడగడానికి? ఇన్నాళ్లూ ఆ కారులోనే కదా తిరిగారు!"

"కారులో తిరిగితే అబద్ధాలు మింగాలా?" అన్నాను.

"దిగాల్సింది" అంది.

ఎవరో పిల్లల్ని పిలిచారు, ఎవరో పెరుగన్నం వడ్డించడం మొదలుపెట్టారు. మా ఆయన నా మోచెయ్యి పట్టుకుని చెట్ల అవతలికి తీసుకుపోయాడు. "ఇజ్జత్ తీసినవ్" అన్నాడు. ఎవరి ఇజ్జతో చెప్పలేదు.

ఆవిడ మీద నాకు జాలి కలగాలని ఆ తర్వాత ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు చెప్పారు. పాపం, ఆసుపత్రిలో చావులు చూసే మనిషి, భర్త చెప్పే మంచి ముగింపులతో బతుకుతోంది అన్నారు. కావచ్చు. తన ఇంట్లో తను ఏ ముగింపు విన్నా నాకేం? నేను ఎవరి ముగింపులతోనూ బతకడానికి ఆ కారెక్కలేదు, ఆఫీసుకి పోవడానికి ఎక్కాను. జాలి రాలేదు. తెచ్చుకోవడానికి ప్రయత్నం కూడా చేయలేదు.

ఆదివారం నుంచి కారు లేదు. పొద్దున్నే రోడ్డు మీద నిలబడి షేర్ టాక్సీ పట్టుకునేదాన్ని. ఆవిడ ఆసుపత్రిలో రక్తం శాంపిళ్లు మా ఆయన చేతికివ్వడం మానేసి, కౌంటర్ మీద పెట్టి వెళ్లిపోయేది. "నీ సినిమా కోసం నేను డ్యూటీల మొహం తిప్పిచ్చుకోవాల్నా?" అని ఆయన నా మీద విసుక్కునేవాడు. మెట్ల మీద నేనూ కింది అంతస్తాయనా ఎదురైతే ఇద్దరం సెల్‌ఫోన్లు చూసుకునేవాళ్లం.

మూడోసారి డ్రమ్ములు దాటాను. తర్వాత రోడ్డు టెస్టు కూడా పాసయ్యాను. పాత కారు ఒకటి కొన్నాం. ఇప్పుడు గంటసేపు నేనూ రోడ్డూ తప్ప ఎవరూ ఉండరు. ఒక్కోసారి నా గొప్ప సినిమాలు ఏవో అనుకుంటూ నడుపుతాను. ఇడ్లీ హోటలు మొదటిది, ఇందులో మార్పు లేదు. పడవ సినిమా రెండోది, అది అతని ద్వారా తెలిసినా సరే, అతనిది కాదు. తర్వాత ఒక హిందీ సినిమా. రైల్వేస్టేషన్‌లో రైళ్ల రాకపోకలు మైకులో చెప్పే ఆవిడ, తను ఎన్నడూ రైలెక్కదు. అందరూ ఎక్కుతుందని ఎదురుచూస్తారు, ఎక్కదు. తర్వాత ఆ మరాఠీ కోడలు. అయిదోది కన్నడం. పెళ్లిళ్లలో క్లారినెట్ వాయించే మనిషికి పళ్లు ఊడిపోతాయి, ఇక వాయించలేడు. ఆ బ్యాండులోనే తాళాలు కొడతాడు. ఎవరూ అతన్ని మెచ్చుకోరు, ఎవరూ అవమానించరు, పెళ్లి జరిగిపోతుంది. ఇందులో ఒక్కటీ గొప్ప సినిమాల జాబితాల్లో కనబడదు. ఆ జాబితాల్లో ఉండేవి నాకు తెలుసు. మూడు గంటలు కొట్టుకుని, చివరి పావుగంటలో గుంపుగా నిలబడి ఏడ్చేవి. వాటికి చప్పట్లు కొట్టేవాళ్లంతా నాకు కింది అంతస్తాయన చుట్టాల్లాగే కనిపిస్తారు.

పోయిన ఎండాకాలం ముందు అతని భార్యకి ఇబ్రా అనే ఊళ్లోని ఆసుపత్రికి బదిలీ అయింది. అతను కూడా మా కంపెనీ వదిలి ఆ వైపే వేరే ఉద్యోగం చూసుకున్నాడు. వెళ్లేముందు ఇంట్లో భోజనాలు పెట్టారు. మా ఇద్దరినీ పిలిచారు. నేను వెళ్లలేదు. మా ఆయన వెళ్లాడు. తిరిగి వచ్చి చెప్పులు విప్పుతూ, "నిన్ను అడిగిండు" అన్నాడు.

"ఏమని?"

"మేడం గారికి సినిమా చూసుడు ఇంకా రాలేదా అని."

"నువ్వేమన్నవ్?"

"ఏమంటా? బిర్యానీ తింటున్నా. నవ్విన."

నవ్వాడట. ఆ రోజూ ఆ మర్నాడూ నేను మా ఆయనతో కూడా మాట్లాడలేదు.